వినబడితే చెయ్యెత్తాలి

గుమ్మడవలసలో తెలివి ఒక్క ఇంట్లోనే పుట్టి, ఆ గడప దాటకుండా ఉండిపోయిందని వరహాలమ్మ నమ్మకం. ఆ ఇల్లు ఆమెదే. "ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అంతకన్నా తెలివేటుంటాది?" అని నూతి దగ్గర చేద వదిలేసి మరీ చెప్పేది. మొగుడు జోగినాయుడు, కొడుకు పోలినాయుడు అవునని తలలూపేవారు. ఈమధ్య జోగినాయుడు ఊపడం మానేశాడు. పాపం, ఆయనకి చెవుడు వచ్చింది.

అది చిన్న కష్టం కాదు. ఊరి భజనకి ఆయనే గురువు. గురువు చెయ్యి ఎలా కదిలితే మిగతా చేతులన్నీ అలాగే కదలాలన్నది ఆ ఊరి పద్ధతి. పోయిన శనివారం మద్దెల ఒక దారిన, ఆయన తాళాలు ఒక దారిన పోయాయి. మద్దెల వాయించే చిట్టెంనాయుడు, ఏకాదశికీ ఇదే వరసైతే తాళాలు ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సిందేనని అందరి ముందూ తేల్చేశాడు. జోగినాయుడికి ఆ మాటా వినబడలేదు. ఇంట్లో అన్నం పెడుతూ వరహాలమ్మే ఆయన చెవిలో అరిచి చెప్పింది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఇంకేముంది, పోలినాయుడు బొబ్బిలి వెళ్ళి మందుల షాపులో చెవి మిషన్ కొనుక్కొచ్చాడు. దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు గానీ, కొంచెం చెవుడున్న పెద్దవాళ్ళకే పనికొస్తుందని, ఎక్కువైతే పరీక్ష చేయించుకోవాలని షాపాయన చెప్పాడట. మరి చెవుడు కొంచెమా, ఎక్కువా? వరహాలమ్మ మొగుడి చెవులు పట్టుకుని చూసింది. చిన్నవి. ఇంత చిన్న చెవిలో ఎక్కువ చెవుడు ఎలా పడుతుంది? అంతే, కొంచెమేనని తేలిపోయింది.

ఈ మిషన్ చుట్టుపక్కల చప్పుళ్ళన్నీ పెంచేస్తుందని కూడా షాపాయన అన్నాడట. వరహాలమ్మకి భయం పట్టుకుంది. తమ మూలంగా ఊరివాళ్ళ చెవులు పగిలిపోతే ఆ పాపం ఎవరిది? అంతే, బూరుగుదూది పరుపు కోసి ఇంటింటికీ తిరిగి, మా ఆయన మిషన్ పెట్టబోతున్నాడు, చెవుల్లో కుక్కుకోండని బతిమాలింది. పరుపు ఖాళీ అయ్యేసరికి ఊళ్ళో చెవులన్నీ నిండాయి.

మిషన్ పెట్టుకున్న జోగినాయుడికి గిన్నె పడితే పిడుగు పడ్డట్టుండేది, మనిషి మాట మాత్రం గుసగుసలాగే ఉండేది. పైగా ఎవరిని పిలిచినా పలకరు. "నాకు మిషన్ పెడితే ఊరికి చెవుడొచ్చిందేటే" అన్నాడు పెళ్ళాంతో.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. చెవుడు అందరిదీ ఒక్కలా ఉండదు. ఒకరికి సన్నని శబ్దాలు అందవు, ఒకరికి మాటలోని ముక్కలు విడిపడవు. కొంచెం చెవుడైతే షాపు మిషనుతో సరిపోవచ్చు. అది దాటితే చెవిని పరీక్షించి, ఏ శబ్దం ఎంత పెంచాలో చూసి అమర్చిన మిషనే కావాలి. చివరికి మొగుడూ పెళ్ళాం బొబ్బిలి ఆసుపత్రికి వెళ్తే, అక్కడ చెవులు పరీక్షించే అమ్మాయి ఇదంతా ఓపిగ్గా చెప్పింది. జోగినాయుణ్ణి గదిలో కూర్చోబెట్టి, "ఎంత సన్నగానైనా సరే, చప్పుడు వినబడితే చెయ్యెత్తండి తాతగారూ" అంది. ఆయన ఎత్తాడు. పరీక్ష అయింది, కొత్త మిషన్ అమరింది. తడి తగలనివ్వొద్దంది, రాత్రి తీసి డబ్బాలో పెట్టమంది. చెయ్యెత్తడం ఆపమని మాత్రం అనలేదు.

ఇంకేముంది, తిరిగొస్తూ హోటల్లో కూర్చున్నారు. గరిటె చప్పుడైనప్పుడల్లా జోగినాయుడు చెయ్యెత్తాడు, ఎత్తినప్పుడల్లా సర్వరు ఇడ్లీ వేశాడు. ఇడ్లీలు గడ్డం దాకా వచ్చాయి. ఇంటికొచ్చాక ఆయన చారు జుర్రుకుంటుంటే, మిషనుకి తడి తగలకుండా వరహాలమ్మ గొడుగు పట్టింది.

ఏకాదశి వచ్చింది. వరహాలమ్మ ముందు వరసలో కూర్చుని కొంగు పిండుతోంది. చిట్టెంనాయుడు మద్దెల మీద మొదటి దెబ్బ వేశాడు. అది ఎంత స్పష్టంగా వినబడిందంటే జోగినాయుడి కళ్ళు చెమర్చాయి. అంతే, తాళం ఉన్న కుడిచెయ్యి పైకి లేచింది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. గురువు చేసినట్టే చెయ్యాలి కదా, భజనవాళ్ళందరి చేతులూ లేచాయి. రెండో దెబ్బకి మళ్ళీ లేచాయి. చిట్టెంనాయుడు అనుమానంగా చిటికెనవేలితో మద్దెల గీరాడు. దానికీ లేచాయి. తాళానికి తాళం ఒక్కసారైనా తగల్లేదు. అయినా ఎవరికీ ఏ లోటూ తోచలేదు. చెవుల్లో దూది తీసెయ్యమని ఊరివాళ్ళకి ఎవరూ చెప్పలేదు మరి.

చిట్టెంనాయుడు మద్దెల దించి లేచొచ్చాడు. "ఒక్క దెబ్బా తప్పలేదు బావా. తాళాలు నీవే" అన్నాడు. ఇంత గొప్ప భజన ఎన్నడూ చూడలేదని మెచ్చుకుంటూ జనం ఇళ్ళకి పోయారు.

జోగినాయుడు మాత్రం తాళాల వంక దిగులుగా చూశాడు. "అన్నీ వినబడ్డాయి గానీ, ఇవే వినబడలేదేటే?"

వరహాలమ్మకీ వినబడలేదు. ఆమె చాలాసేపు ఆలోచించింది. తెల్లారగానే తాళాల్ని గుడ్డలో చుట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళి, పరీక్ష గదిలో కుర్చీ మీద జాగ్రత్తగా కూర్చోబెట్టింది.

"వీటికి గొంతు పోయిందమ్మా. షాపు మిషన్ చాలుద్దా, పరీక్ష చెయ్యాలా?"