ఎర్రమూట వెనక డబ్బా

మధ్యాహ్నం మూడు గంటలు. వైశాఖం ఎండ, గాలి లేదు.

మా గురువుగారు ఆర్టీసీ డిపోలో ముప్పయ్యేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు అనకాపల్లిలో మాకు వేదాంతం చెబుతారు. ప్రశ్న అడిగితే వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఆ సాయంత్రం పాడేరులో ఆయన పాఠం ఉంది. మా కారులోనే బయలుదేరాం. నడుపుతున్నది మా అమ్మాయి పావని. పక్కన నేను. వెనక గురువుగారు, ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ గారు.

వడ్డాది దాటాక అడిగాను. పావని వింటుందని తెలిసే అడిగాను.

"పదకొండేళ్లుగా రోజూ తెల్లారగట్ల గంటసేపు జపం చేస్తున్నాను గురువుగారూ. ఒక్కరోజు తప్పలేదు. కోపం మాత్రం పోలేదు. మొన్న ఎదిగిన పిల్ల మీద చెయ్యి చేసుకున్నాను. ఆరు రోజులైంది, నాతో మాట్లాడదు. లోపం జపంలో ఉందా, నాలో ఉందా?"

ఆయన "ఊఁ" అన్నారు. కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నారు.

ఘాటు ఎక్కడం మొదలుపెట్టిన నాలుగో మలుపులో, ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీతలోకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పావని బండిని కొండవైపు ఆపింది.

"చూసుకుని తోలక్కర్లేదా? ముల్లు అంత ఎక్కుతుంటే కళ్లెక్కడ పెట్టావు?"

గురువుగారి ముందే అరిచాను.

పావని విసురుగా దిగి బానెట్ ఎత్తింది. చున్నీ కొస చేతికి చుట్టుకుని, మొహం దగ్గరగా వంచి, రేడియేటర్ మూత పట్టుకుంది. గురువుగారు, డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎప్పుడు దిగారో, ఎలా వచ్చారో నేను చూడలేదు. "వద్దు" అని పావని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. ఇద్దరూ రోడ్డు మీద కూలబడ్డారు.

మూత కింద బుసలు వినబడుతున్నాయి.

"తిప్పి ఉంటే మరిగిన నీళ్లు మొహాన కొట్టేవి. మా డిపోలో ఒకతనికి..." అని, నా వైపు చూసి ఆపేశారు.

బండి పట్టుకుని నిలబడ్డాను.

"ముప్పయ్యేళ్లు బస్సుల కింద పడుకున్నది చాలలేదేటండీ, ఈ వయసులో రోడ్డు మీద కూడానా?" అంటూ ఆదిలక్ష్మమ్మ గారు కొంగుతో ఆయన మోచేయి తుడిచారు.

"పిల్ల మీద పడలేదు, నయం" అన్నారాయన.

పావని నవ్వబోయి ఏడ్చింది.

కొండనీడలో గంటకు పైగా కూర్చున్నాం. అప్పుడు గురువుగారు అడిగారు. "నూకరత్నం, ఈ బండికి నీళ్లెవరు చూస్తారు?"

"నేనేనండీ. కొన్న దగ్గర్నుంచి పధ్నాలుగు నెలలుగా, ప్రతి శుక్రవారం కడిగి, బొట్టుపెట్టి, నీళ్లు నింపుతాను."

"ఎక్కడ పోస్తావో చూపించు."

నీలం మూత డబ్బా చూపించాను. అంచుదాకా నిండి ఉంది. కాస్త గర్వంగానే చూపించాను.

ఆయన పావనితో, "బండి స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పి, అద్దం కడిగే మీట లాగమ్మా" అన్నారు. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మాయి.

"పధ్నాలుగు నెలలూ అద్దానికి పోశావు తల్లీ. పోనీలే, అద్దం శుభ్రంగా ఉంది."

"మరి ఇంజన్‌కండీ?"

"రేడియేటర్ మూత దగ్గర సన్న గొట్టం ఉంది చూడు. దాని వెంట వేలు పోనీ."

పోనిచ్చాను. గొట్టం ఎర్రమూట దగ్గర ఆగింది. బండి కొన్నరోజున అమ్మవారి గుడిలో పూజ చేయించి, దిష్టి తగలకుండా ఇచ్చిన మూటను నేనే అక్కడ కట్టాను. ముడివేయడానికి మెడలాంటిది అదొక్కటే కనబడింది. శుక్రవారం శుక్రవారం దానికి దండం పెట్టుకున్నాను. మూట వెనకున్నది నీళ్లు పొయ్యాల్సిన తెల్లటి డబ్బా అనీ, దాని మీద రెండు గీతలున్నాయనీ ఎప్పుడూ గమనించలేదు.

విప్పాను. డబ్బా అడుగున తడి కూడా లేదు.

"అమ్మవారికి కూడా ఇన్నాళ్లూ ఉక్కపోసి ఉంటుంది" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు, మూట అందుకుని ఒళ్లో పెట్టుకుంటూ.

బండి పూర్తిగా చల్లారిందని చేత్తో తాకి చూశాక, గురువుగారే తువ్వాలు వేసి రేడియేటర్ మూత కొద్దికొద్దిగా తిప్పారు. తెచ్చుకున్న తాగునీళ్లు అందులో నింపారు. డబ్బాలో నన్ను పొయ్యమన్నారు. పై గీత అందుకోగానే చాలన్నారు.

"ఇంకొంచెం పోస్తే మంచిది కదండీ?"

"వేడెక్కితే నీళ్లు పొంగుతాయి. ఆ పొంగుకి చోటు వదలాలి. ఇల్లు చేరడానికి ఇది చాలు. రేపు మెకానిక్‌కి చూపించి, ఇంజన్‌ని చల్లగా ఉంచే కూలెంట్ పోయించు."

"మరి పాడేరులో పాఠం?" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు.

"ఫోన్ చేసి చెబుతాను. బండి వెనక్కి తిప్పమ్మా పావనీ."

కొండ దిగుతున్నంతసేపూ పావని ముల్లు చూసి చెబుతూనే ఉంది. "సగంలోనే ఉందమ్మా." మళ్లీ కాసేపటికి, "సగంలోనే ఉందమ్మా." నేను ముల్లు వైపు చూడలేదు. ఆ "అమ్మా" వింటూ కూర్చున్నాను.

వాళ్ల గేటు దగ్గర దిగాక గురువుగారికి దండం పెట్టాను. నా ప్రశ్న సంగతి ఎత్తడానికి నోరు రాలేదు. ఆయనే ఆగారు.

"రేపు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి చూడు. వేడి మీద దేన్నీ విప్పకు."

ఇంటికొచ్చి దీపం పెట్టాను. పదకొండేళ్ల జపం ఏ డబ్బాలో పోశానో అనుకున్నాను. గురువుగారు ఈపాటికి మోచేతికి మందు రాయించుకుంటూ ఉంటారు. రాస్తూ ఆదిలక్ష్మమ్మ గారు సణుగుతూ ఉంటారు. పావని వంటింట్లో, రెండు చేతులతో పిండి కలుపుతోంది. మొహాన చెమట తప్ప కాలిన మచ్చ ఏమీ లేదు. గుమ్మంలో నేను.

వెళ్లిన నలుగురం క్షేమంగా ఇళ్లు చేరాం.