గాలిని గెలిచిన చింతపిక్క

ఒకప్పుడు గాలికి మహా గీర. నెలలు నిండి పుట్టిన పిల్లల గుండెల్లోకే వెళ్లేది. తొందరపడి వచ్చిన బిడ్డల్ని గుమ్మంలోంచే చూసి, "ఇంకా పచ్చిగా ఉన్నారు, నేను రాను" అని వెళ్లిపోయేది.

ఆ రోజుల్లో ముత్యాలి కడుపులో కవలలు పెరుగుతున్నారు. ఒక పాప, ఒక బాబు. చుట్టూ వెన్నెలరంగు నీళ్లు. ఆ నీళ్లలోంచి పాపకు బయటి మాటలన్నీ వినబడేవి.

ఒకరోజు పొయ్యి దగ్గర ముత్యాలిని వాళ్ల అత్త కేకలేసింది.

"పెనానికి నూనె రాయకుండా అట్టు పోస్తావేంటే? అంటుకుపోయింది చూడు."

పాప తన గుండెలో తడుముకుంది. అక్కడ చిన్న చిన్న గాలితిత్తులు, తడి ఆకుల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. 'వీటికీ నూనె రాయాలి కాబోలు' అనుకుంది.

అమ్మ వేరుశనక్కాయలు తిన్నప్పుడల్లా కాస్త జిడ్డు దిగేది. పాప దాన్ని తిత్తులకు పూసుకునేది. బాబు తన వాటా అంతా కాళ్లకే పట్టించేవాడు.

"చూడవే నా తొడలు. నువ్వేమో చింతపిక్కలా ఉన్నావు."

"తొడలతో ఊపిరి పీలుస్తావేంట్రా? ఇలా రా, నీకూ పూస్తాను."

"పోవే, జిడ్డు నాకొద్దు."

వాడు కునుకు తీసినప్పుడల్లా, పాప తన పూతలోంచే కొంచెం తీసి వాడికి రాసేది.

ఒక వానపొద్దున ముత్యాలి గట్టు మీద జారిపడింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ముందు పాప పుట్టింది. గాలి గుమ్మంలోనే ఆగి, "పచ్చిపిల్ల. రాను" అంది.

"రాకపోతే నేనే లాక్కుంటా" అని పాప నోరు తెరిచింది. తిత్తులు మల్లెమొగ్గల్లా విచ్చుకున్నాయి. గాలి జర్రున లోపలికి జారిపోయింది. పాప కేరుమంటే చూరులోని పిచ్చుకలు ఎగిరిపోయాయి.

తర్వాత బాబు వచ్చాడు. నీలంగా, కదలకుండా.

"అత్తా, వీడు ఏడవడేంటి?" ముత్యాలి మోచేతుల మీద లేచి చూసింది.

అత్త వాణ్ణి పాప పక్కన పడుకోబెట్టింది. పాప వాడి చెవిలో కేరుమంది.

"నీకూ పూశానురా మొద్దూ. లాగు."

బాబు లాగాడు. ఒక తిత్తి విచ్చుకుంది. ఇంకోటి. ఆపైన అన్నీ. గాలి ఎంత గింజుకున్నా ఆగలేక వాడిలోకీ వెళ్లిపోయింది. వాడి ఏడుపు వింటూ ముత్యాలి పకపకా నవ్వింది.

బయటికొచ్చిన గాలి పాప ముందు తలొంచింది. "ఓడిపోయాను తల్లీ. ఇకమీద పచ్చిపిల్లల దగ్గరికీ వస్తాను. ముందు నీలాంటి వాళ్ల దగ్గరికే."

అప్పటినుంచే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో చాలాసార్లు ఆడపిల్లలే ముందు ఊపిరి అందుకుంటారు. కడుపులో ఆడపిల్ల తోడున్న మగకవలకు కూడా, మగ తోడున్నవాడికన్నా ఆ ఊపిరి కాస్త సులువు. పెద్దయ్యాక వాడు ఎంత మీసం తిప్పినా, గుండె లోపల ఆ చింతపిక్క రాసిన పూత ఉంటుంది.