నక్క తోక, గాడిద ఊపిరి

ఎండలు ముదిరేసరికి అడివి అంచున ఒక్క తొట్టిలోనే నీళ్లు మిగిలాయి. ఎవరు ఎంతసేపు తాగాలో తేల్చే పెత్తనం నక్క తీసుకుంది. ఎవరిచ్చారని అడక్కండి. పెత్తనం ఎవరూ ఇవ్వరు, తీసుకుంటారు.

ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద తోకతో ముప్పై దెబ్బలు కొడుతుంది. ముప్పయ్యో దెబ్బకి ఎవరైనా సరే మూతి తీసేయాలి. తన వంతుకీ తనే కొట్టుకుంటుంది, ముందు నోటితో తాగుతూ, వెనక తోకతో వాయిస్తూ.

ఇద్దరు పిల్లల తల్లి మేక వారం రోజులు చూసింది. పొదుగు ఎండిపోతోంది. ఎనిమిదోనాడు నిలదీసింది.

"నక్క బావా, నా మూతి తడిసేలోపే ముప్పై అయిపోతున్నాయి. నీ పొట్ట మాత్రం తొట్టంత అవుతోంది."

"ముప్పైకి ఒక్కటి ఎక్కువైందేమో చెప్పు, మరదలా."

"దెబ్బలు ఎక్కువ కాలేదు. నీ వంతులో దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు పెరుగుతోంది."

"సందుల్ని ఎవరు లెక్కపెడతారు? అందులో ఏముంటుంది గనక?"

"నీళ్లుంటాయి. నువ్వు తాగేవి."

పంచాయితీ గాడిద దగ్గరికి వెళ్లింది. అంత పొడుగు చెవులున్నాక న్యాయం ఇంకెక్కడికి పోతుందని అందరి నమ్మకం. గాడిద కళ్లు మూసుకుని నక్క వంతు మొత్తం వింది. నక్క మొదట అందరికీ కొట్టినట్టే కొట్టింది. తర్వాత వెంట్రుకవాసి ఆగింది, ఆపైన ఇంకో వెంట్రుకవాసి. చివరి రెండు దెబ్బల మధ్య ఓ చీమ డబ్బా ఎక్కి దిగింది.

"తేడా లేదమ్మా," అంది గాడిద. "ప్రతి దెబ్బా ముందు దెబ్బలాగే పడింది."

"ముందుదానిలాగే పడింది మావా. మొదటిదానిలా పడలేదు."

"మొదటిది నాకెక్కడ గుర్తుంటుంది? తీర్పు చెప్పేవాణ్ని నేను."

ఈ చెవులతో పని కాదని మేకకి అర్థమైంది. "అయితే చెవులకి శ్రమ వద్దులే. ఒక దెబ్బకి ఊపిరి పీల్చు, తర్వాతి దెబ్బకి వదులు. మధ్యలో బిగబట్టు. పెద్దవాడివి, మాట తప్పకూడదు."

"అంతేనా," అంది గాడిద.

ఇంకో వంతు ఊరికే దొరికిందని నక్క సంబరంగా మూతి ముంచింది.

పది దెబ్బలదాకా గాడిద హాయిగా ఉంది. పదిహేనుకి కళ్లు పెద్దవయ్యాయి. ఇరవైకి పొట్ట డప్పులా బిగిసింది. ఇరవై మూడో దెబ్బకి పీల్చింది. ఇరవై నాలుగోది రాలేదు. నక్క తాగుతూనే ఉంది. మాటిచ్చిన గాడిద గుడ్లు తేలేసి, కాళ్లు వణుకుతూ నిలబడి, చివరికి బిగబట్టిందంతా ఒక్క ఓండ్రలో వదిలేసరికి నక్క అదిరిపడి తొట్టిలో పడింది.

"తేడా ఉంది," అంది గాడిద రొప్పుతూ. "చచ్చేంత తేడా ఉంది."

"చెవులకి వినపడలేదుగా మావా?"

"ప్రాణం పోతుంటే చెవుల ఊసెందుకమ్మా."

అక్కడికక్కడే తీర్పు చెప్పింది. ఇకమీదట తోక చెల్లదు, ఎవరికైనా గాడిద ఊపిరులు ముప్పై. మేక తాగేటప్పుడు గాడిద జోగుతూ నిమ్మళంగా పీలుస్తుంది. మేక పొదుగు నిండింది. నక్క తొట్టి దగ్గరికొస్తే మాత్రం గాడిదకి ఆ రోజు గుర్తొచ్చి ఆయాసం తన్నుకొస్తుంది. నక్క నాలుక చాపేలోపే ముప్పై అయిపోతాయి.

"ముప్పయ్యే కదా బావా," అంటుంది మేక. "కావాలంటే లెక్కపెట్టుకో."

నీతి: లెక్క సరిపోయిందనే పెద్దమనుషులతో వాదించకండి, ఆ లెక్క పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టమనండి.