తాటాకు పెళ్ళికూతురికి తోడు

చిన్న కథే చెబుతాను బంగారూ. నువ్వు కళ్ళు మూసేలోపు అయిపోతుంది.

అనగా అనగా, తాటితోపుకి ఇవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకాయన. మీసం దువ్వుకోవడంతోనే ఆయనకి పొద్దెక్కిపోయేది. దువ్వాక ఎవరికి చూపించాలో తెలియక మళ్ళీ దువ్వేవాడు. వాళ్ళావిడ సంగతి ఇంకోటి. పొరుగింటి పొయ్యి మీద ఏముందో వాసన పట్టి చెప్పేది, సొంత పొయ్యి మీద పప్పు మాత్రం రోజూ మాడేది. సరే, వాళ్ళకీ ఈ కథకీ ఏ సంబంధమూ లేదు. వాళ్ళ పక్కింటి పిల్ల నాగమల్లిది ఈ కథ.

వేసవి సెలవుల్లో నాగమల్లి ఒక బొమ్మ చేసింది. లేత తాటాకు చీల్చి, మడిచి, ముడివేసి ఒళ్ళు చేసింది. తుమ్మజిగురుతో గురివింద గింజలు అంటించి కళ్ళు పెట్టింది. మొక్కజొన్న పీచుతో జడ అల్లింది. గులాబీరంగు కాగితానికి కుచ్చిళ్ళు పోసి చీర కట్టింది. ఆ కళ్ళు రెండూ ఒకేవైపు చూడవు. అయినా నాగమల్లి లెక్కలో అంతటి అందగత్తె ఈ భూమ్మీద లేదు. పడుకున్నా పక్కనే, అన్నం తిన్నా ఒళ్ళోనే.

అప్పుడు ఎదురింటి పైడితల్లి ఒక తాటాకు పెళ్ళికొడుకుని పట్టుకొచ్చింది. ఇద్దరూ కలిసి పెళ్ళి కుదిర్చారు. కొబ్బరాకు బూర ఊదారు, పసుపుదారం కట్టించారు, అటుకులు పంచారు. అంతా బాగానే జరిగింది.

ఆ తర్వాత పైడితల్లి నాయనమ్మ సన్యాసమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"ఏదే మా కోడలుపిల్ల? ఇలా తే, ఇంటికి తీసుకెళ్తాం."

పెళ్ళి చేస్తే పిల్లని పంపాలన్న సంగతి నాగమల్లికి తట్టనేలేదు. బొమ్మని వీపు వెనక దాచింది.

"మీ అబ్బాయినే మా ఇంటికి ఇల్లరికం పంపండి" అంది.

"ఓలమ్మో! ఇల్లరికం మా ఇంటా వంటా లేదు" అంది సన్యాసమ్మ. పెళ్ళికొడుకు తాటాకన్న సంగతి ఆవిడ అప్పటికే మరిచిపోయింది.

అప్పుడు నాగమల్లి, "మా పిల్లకి జ్వరం" అంది.

"మా ఇంట్లో మిరియాల చారు కాస్తాం."

"ఇచ్చెయ్యవే మల్లీ, వీధంతా చూస్తోంది" అంది వాళ్ళమ్మ వరాలు గుమ్మంలోంచి. నిజమే, వీధికి ఆ పూట వేరే పని లేదు.

నాగమల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. సరిగ్గా అప్పుడే అక్క పెళ్ళి గుర్తొచ్చింది. కొత్త పెళ్ళికూతురి వెంట తోడుగా ఒక మనిషిని పంపుతారు కదా!

"అయితే తోడుగా నేనొస్తా. నేను లేకపోతే అది ఉండలేదు."

సన్యాసమ్మ సరేనని తలూపింది. ఆచారం ఆచారమే.

ఆ తర్వాత నాగమల్లి బట్టల మూట కట్టుకుని, బొమ్మని గుండెకి హత్తుకుని వీధి దాటింది. ఎదురిల్లే. వరాలు కళ్ళొత్తుకుంది. ఉల్లిపాయలు తరుగుతోంది మరి.

అక్కడ పైడితల్లి నాగమల్లికి తాటాకు గాలిమర చెయ్యడం నేర్పింది. ఆకు మడిచి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, పుల్లకి తగిలించాలి. మొదటిది తిరగలేదు. రెండోది చీలిపోయింది. మూడోది గిర్రున తిరిగింది.

మర్నాడు సాయంత్రం నాగమల్లి గాలిమర ఎత్తిపట్టుకుని పరుగున ఇంటికొచ్చింది.

"పెళ్ళికూతురేదే?" అంది వరాలు.

"ఏ పెళ్ళికూతురు?" అంది నాగమల్లి.

కథేమో కంచి దారి పట్టె,
కంటికేమో కునుకు పట్టె.