అంతోనయ్య మేస్త్రి పుడ్డింగు

అంతోనయ్య మేస్త్రి ఏదడిగినా నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని అంటగట్టి ఊరుకుంటాడు. రైల్వే ఆఫీసర్ల బంగళాలో ముప్పై ఏళ్లు బట్లరుగా వండి వడ్డించినవాడు. బంగళా మూతపడ్డప్పుడు అక్కడి ఇనప ఓవెనును వేలంలో పాడుకుని, బిట్రగుంటలో తన రెండు గదుల ఇంటి వెనక వసారాలో పెట్టుకున్నాడు. కేకులూ బన్నులూ నేర్చుకుంటామని వచ్చినవాళ్లకు కాదనకుండా నేర్పేవాడు.

ఒక శనివారం ఆయన శిష్యురాలు ఎస్తేరు మైదా జల్లిస్తూ ఆగిపోయి అడిగింది. "ఈ పూట లేచి రేపటికి పడిపోయే మనిషికి ఎంత చాకిరీ చేసి ఏం లాభం మేస్త్రీ?"

అడిగింది వాళ్లక్క జ్ఞానమ్మ గురించి. తల్లి పోయేనాటికి ఎస్తేరుకు నాలుగేళ్లు. పెళ్లీ గిళ్లీ అన్న మాట ఎత్తకుండా ఆ అక్కే పెంచింది, చదివించింది, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఇప్పుడా అక్కకు కడుపులో గడ్డ ముదిరింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పి నాలుగు నెలలైంది. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంటుంది, ఏదో ఒక పూట తేరుకుంటుంది. తొమ్మిది రోజుల కిందట అలాగే లేచి రెండిడ్లీలు తింటే, ఎస్తేరు పిచ్చిదానిలా వీధంతా తిరిగి అక్కకు నయమైందని చెప్పుకొచ్చింది. తెల్లారేసరికి మళ్లీ గోడే, మళ్లీ మూలుగే. ఆ దెబ్బకు ఎస్తేరు గుండె చెదిరిపోయింది. అప్పట్నుంచి ఆ గదిలో కాలు నిలవడం లేదు. పక్కింటి సాలోమిని కాస్త చూస్తుండమని చెప్పి, పని నేర్చుకునే వంకతో పొద్దస్తమానం మేస్త్రి ఇంట్లోనే ఉంటోంది. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే సిస్టర్ల ఆశ్రమం ఒకటుందని ఎవరో చెబితే ఫారం కూడా తెప్పించుకుంది. సోమవారం పొద్దున ఆశ్రమం వ్యాను వస్తుంది. అక్కను ఎక్కించి పంపాలా, ఉంచుకోవాలా? ఆమె ప్రశ్న అసలు అది.

మేస్త్రి ఆమె ముఖంలోకి చూడలేదు. "రేపు చర్చి అయినాక రా. వచ్చేటప్పుడు నాలుగు గుడ్లు పట్రా. బ్యాటర్ పుడ్డింగు చేద్దాం" అన్నాడు.

"నేనడిగిందేంది, మీరు చెప్పేదేంది మేస్త్రీ?"

"పగిలిపోకుండా తీసుకురా" అని లోపలికి పోయాడు.

పుడ్డింగంటే తీపి పదార్థం అనుకునేరు, ఇది తీపి కాదు. గుడ్లు, పాలు, మైదా, చిటికెడు ఉప్పు, అంతే సరుకు. ఇంగ్లండులో లేనివాళ్ల ఇళ్లలో మాంసం వడ్డించే ముందు దీన్ని పులుసుతో పెట్టి, పిల్లల కడుపులు సగం నింపేవాళ్లట. ఆదివారం పొద్దున ఎస్తేరు గుడ్లు కొట్టి, పాలు పోసి, ఉండ కట్టకుండా చెయ్యి నొప్పెట్టేదాకా గిలకొట్టింది. గుడ్డ కప్పి గంటసేపు పక్కన పెట్టారు. మేస్త్రి ఓవెనులో బొగ్గులు ఎగదోసి, ఎనిమిది గుంతలున్న రేకులో పొట్టేలు కొవ్వు వేసి లోపలికి తోశాడు. కొవ్వు కాగి పొగలు వచ్చాక పిండి పోయించాడు. చుయ్యిమని శబ్దం వచ్చింది. వెంటనే తలుపు బిగించేశాడు.

"ఇరవై నిమిషాలు దీని జోలికి పోగూడదు. తలుపు తీసి చూడగూడదు. అయినాక నేను కేకేస్తా. చేతిలో ఏమున్నా వదిలేసి వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చో. ఇది మనిషి కోసం ఆగదు. బంగళాలో దొరలైనా సరే, ముందొచ్చి ఖాళీ కంచాల ముందు కూర్చునేవాళ్లు."

సరేనని ఎస్తేరు ముందు గదిలోకి వెళ్లి, సంచీలోంచి ఫారం తీసి నింపడం మొదలుపెట్టింది. రోగి పేరు, వయసు, జబ్బు, తినగలిగేదీ తినలేనిదీ. అన్నీ గబగబా రాసింది. చివరి గీత దగ్గర కలం ఆగింది. మరణానంతరం శరీరాన్ని ఎవరికి అప్పగించాలి? ఎస్తేరు తన పేరు రాసింది, కొట్టేసింది. మళ్లీ రాయబోయింది, చెయ్యి రాలేదు.

"ఎస్తేరూ" అని లోపల్నుంచి కేక వినబడింది.

"వస్తన్నా మేస్త్రీ, ఒక్క గీతే ఉంది."

మళ్లీ పిలిచాడు. ఈసారి కూడా అదే జవాబు. మూడోసారి పిలవలేదు. ఎట్టకేలకు తన పేరే రాసి, ఫారం మడిచి లోపలికి వెళ్లేసరికి మేస్త్రి బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రేకులో ఎనిమిది పుడ్డింగులూ నడిమికి కుంగి, ముడతలు పడి ఉన్నాయి.

ఎస్తేరు ముఖం మాడిపోయింది. "చెడిపోయినాయి గదా. నేను సరిగ్గా గిలకొట్టలేదా?"

"బాగానే కొట్టినావు. ఒక్కోటి పిడికిలెత్తు పొంగింది. మంచి రంగొచ్చింది."

"మరి ఇట్టున్నాయేంది?"

"అణిగినాయి. దాని తీరే అంత."

"కాసేపన్నా నిలబెట్టే ఉపాయం లేదా?"

"ముప్పై ఏళ్లు చేశా. నాకైతే దొరకలేదు."

ఎస్తేరుకు ఒళ్లు మండింది. నాలుగు నిమిషాల సంబరానికి పొద్దున్నుంచీ ఈ చాకిరీ దేనికని అడిగేసింది. మేస్త్రి నాలుగు పుడ్డింగులు గుడ్డలో చుట్టి, గిన్నెలో పొట్టేలు ఎముకల చారు పోసి చేతికిచ్చాడు. "నానబెట్టి మీ అక్కకు పెట్టు" అన్నాడు.

ఇంటి గడపలోనే సాలోమి ఎదురైంది. "ఇంతసేపు యాడున్నావు ఎస్తేరూ? పదకొండింటికి మీ అక్క తనంతట తను లేచి కూర్చునింది. నా చేత నూనె రాయించుకుని జడ వేయించుకునింది. చిన్నప్పుడు నువ్వు బొగ్గు తిని నోరు నల్లగా చేసుకున్న సంగతి చెప్పి నవ్వింది కూడా. మా పాపేదీ, మా పాపేదీ అని అడగతానే ఉండింది. పిలుచుకొద్దామంటే ఒక్కదాన్నే వదిలి ఎట్ట వస్తా? గంట కూర్చుని, ఇప్పుడే పడుకునింది."

లోపల జ్ఞానమ్మ గోడవైపు తిరిగి ఉంది. జడ నున్నగా, కొత్తగా ఉంది. అక్కా అని పిలిచింది ఎస్తేరు. భుజం మీద చెయ్యేసి కదిపింది. పలుకు లేదు, ఎగశ్వాస తప్ప. పుడ్డింగు ముక్క చారులో నానబెట్టి స్పూనుతో పెదాలకు ఆనించింది. పెదాలు విడలేదు, చారు గడ్డం మీదుగా దిండులోకి కారింది. ఎస్తేరుకు ఏడుపు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. తన కోసం అన్ని రాత్రులు మేలుకున్న మనిషి లేచి కూర్చుని తనను అడుగుతుంటే, తాను రెండు వీధుల అవతల కూర్చుని ఆ మనిషి శవాన్ని ఎవరికివ్వాలో రాస్తోంది. గిన్నెలో చారు చల్లారి పైన కొవ్వు పేరుకునేదాకా అలాగే కూర్చుంది.

సోమవారం పొద్దున చెప్పిన వేళకే వ్యాను వచ్చింది. కర్ర పొడుచుకుంటూ మేస్త్రి కూడా వచ్చి, మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. డ్రైవరు గుమ్మంలో నిలబడి ఫారం ఇమ్మన్నాడు. అతను మంచివాడే, మెత్తగానే అడిగాడు.

ఎస్తేరు బయటికి వెళ్లింది. "మా అక్క రాదు. ఊరికే ఇంత దూరం తిప్పినా, ఏమనుకోబాకండి" అంది.

వ్యాను వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఎస్తేరు లోపలికొచ్చి మంచం దగ్గర నిలబడింది. జ్ఞానమ్మ నిన్నటి మీద ఇంకా నీరసించి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నా, ఎవరినీ చూడడం లేదు.

"ఇంక లేవదేమో మేస్త్రీ" అంది ఎస్తేరు.

మేస్త్రి జ్ఞానమ్మ మీది దుప్పటి సర్దాడు.

"లేవకపోవచ్చు" అన్నాడు. "నువ్వు మాత్రం గదిలోనే ఉండు."