మాంత్రికుడికి కట్టిన పాడె

అనగనగా ఒక రాజు. పేరు గిరికేతనుడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏడు సముద్రాల అవతలి నుంచి జంబాలుడనే మాంత్రికుడు, నీ కూతుర్ని పంపుతావా, నీ రాజ్యాన్ని బూడిద చెయ్యమంటావా అని కబురు పెట్టాడు. అప్పుడీ మహారాజు ఏం చేశాడో తెలుసా? కుమ్మరి వీరమ్మ కూతురు చెంగల్వకి రాణివాసంలో పని ఇప్పిస్తానని తల్లికి అబద్ధం చెప్పి, ఆ పిల్లకి రాకుమారి నగలు పెట్టి పల్లకీ ఎక్కించాడు. తన బిడ్డే బిడ్డ, ఊళ్ళోవాళ్ళ బిడ్డ కుండపెంకు! సిగ్గుండక్కర్లా?

జంబాలుడు చెంగల్వని చెరలో పెట్టి, అమావాస్యలోగా నన్ను పెళ్ళాడకపోతే రాయిని చేస్తానన్నాడు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు, ఆ పిల్ల పోతే పోయిందిలే అన్నాడు. రెండోవాడు మన చెల్లెలు కాదుగా అన్నాడు. మూడోవాడు సుధన్వుడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పగటివేషాల సింగన్ననీ, మాటలొచ్చిన గోరింకనీ వెంటబెట్టుకుని ఏడు సముద్రాలూ దాటాడు.

గోరింక చెర కిటికీలో వాలి, చెంగల్వతో మాట్లాడి వచ్చింది. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందట. అది పంజరం దాటితే వీడి పని అయిపోయినట్టేనట. ఎక్కడ దాచాడో మాత్రం ఎవరికీ తెలీదట.

"అయితే వాడి చేతే చూపిద్దాం. వాడు చచ్చిపోయాడని వాడినే నమ్మిద్దాం" అన్నాడు సింగన్న.

అక్కడి వంటవాడూ కాపలావాడూ ఎన్నాళ్ళుగా ఉడికిపోతున్నారో, అడగ్గానే సరేనన్నారు. వంటవాడు పాయసంలో మత్తుమందు కలిపాడు. కాపలావాడు చెర తలుపు తీశాడు. పారిపోతే మంత్రమేసి వెనక్కి లాగేస్తాడని చెంగల్వ అక్కడే కూర్చుని, మట్టితో అచ్చం వాడి మొహం చేసింది. కుమ్మరి పిల్ల కదా మరి. సింగన్న గడ్డిబొమ్మకి వాడి బట్టలు తొడిగి ఆ మొహం తగిలించాడు. మంత్రదండం దాచేసి, దాని చోట అలాంటిదే ఓ వెదురుబద్ద పెట్టాడు.

జంబాలుడు నిద్ర లేచేసరికి వాకిట్లో డప్పులు. పాడె మీద చూస్తే తనే. అరిచాడు, ఒక్కరూ తలెత్తలేదు. దండం ఝళిపించాడు, ఏమీ కాలేదు. అయినా నమ్మకం కుదరలేదు. అప్పుడు, రోజూ వాడి ముందు గజగజా వణికే వంటవాడు పాడె మీద తుపుక్కున ఉమ్మేశాడు. కాపలావాడు పీడ విరగడైందన్నాడు. ఇవేవీ సింగన్న నేర్పినవి కావు, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నవే.

చివరికి చెంగల్వ ముందుకొచ్చింది.

"వీడు పరాయివాడు, నా మీద జాలి ఎందుకుంటుంది? నన్ను ముస్తాబు చేసి వీడికి అప్పగించింది మా రాజుగారు. రేపు ఆయన పాడె ముందైనా నేను ఏడవను."

సుధన్వుడు తల దించుకున్నాడు.

బతికుండగా తన ముందు ఇలా మాట్లాడే ధైర్యం ఎవరికుంది? తను చచ్చినట్టేనని మాంత్రికుడు ఖాయం చేసుకున్నాడు. చిలకకేమైందోనని పెరట్లోకి పరుగెత్తి, రుబ్బురోలు దొర్లించి, గోతిలోంచి పంజరం తీశాడు. వెనకాలే వచ్చిన సుధన్వుడు అది లాక్కుని తలుపు తెరిచాడు. చిలకదేం పాపం, అదీ బందీయే కదా. అది ఎగిరిపోయింది, వాడు కుప్పకూలాడు. పాడె ఎలాగూ సిద్ధంగానే ఉంది.

ఊరికి రాగానే గిరికేతనుడు ఎదురొచ్చి, జరిగిందేదో జరిగింది, నిన్ను కోడల్ని చేసుకుంటానులే అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో చూశారా?

"ముందు మా అమ్మ దగ్గరికెళ్ళి, ఏం చేశారో మీ నోటితో చెప్పండి" అంది చెంగల్వ.

రాజు కిరీటం తీసి సుధన్వుడి చేతిలో పెట్టి, కుమ్మరివీధికి నడిచి వెళ్ళి, వీరమ్మ ముందు నిలబడి అంతా చెప్పాడు. ఆవిడ కూర్చోమని కూడా అనలేదు. మంచి పని చేసింది.

తర్వాత చెంగల్వ ఇష్టపడింది కాబట్టే సుధన్వుడితో పెళ్ళయింది. ఇద్దరూ నిండు నూరేళ్ళు రాజ్యమేలారు. ఆ రాజ్యంలో ఏ ఆపదొచ్చినా, ఎవరో ఒకరు వెళ్ళక తప్పదంటే, ముందు కోటలోని పిల్లలే బయల్దేరేవారు.