పసుప్పచ్చ గొడుగు

అనకాపల్లి గుర్నాథానికి తన ఇంట్లో ఉన్నంత బుర్ర ఊళ్ళో ఇంకెక్కడా లేదని గట్టి నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, సొంత పైత్యం కలపరు. ఆ బుర్రతోనే పెళ్ళాం మాణిక్యాంబనీ, బావమరిది సింహాచలాన్నీ వెంటేసుకుని బ్యాంకాక్ చూడ్డానికి వెళ్ళాడు.

ఆఖరి రోజు పొద్దున్నే తెలుగు గైడు శోభనాద్రి ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు. "సాయంత్రం ఐదింటికి ఆఖరి పడవ. అది తప్పితే రాత్రికి మీ విమానం పోయినట్టే. ఈ పసుప్పచ్చ గొడుగు మీంచి చూపు తిప్పకండి. గొడుగు ఎక్కడుంటే మీరక్కడ."

అంతే. గుర్నాథం రెప్ప కూడా పొదుపుగా వేశాడు. నలభై ఆరు మీటర్ల పొడుగున పడుకున్న బంగారు బుద్ధుడి పక్కన, తల దగ్గర్నుంచి పాదాల దాకా నడిచారు. బయటికొచ్చాక మాణిక్యాంబ, "ఏవండీ, లోపల దేవుడేడీ? ఇవాళ సెలవా?" అంది. గొడుక్కి ఎనిమిది ఊచలున్నాయని మాత్రం ముగ్గురూ ఒకే లెక్క చెప్పారు.

గుడి గుమ్మంలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకోమన్నాడు కదా, మళ్ళీ వేసుకోమనలేదు. ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం కుంపటిలా కాలే రోడ్డు మీద ముగ్గురూ చెప్పులు పట్టుకుని గంతులేస్తూ పోతుంటే, ఏదో మొక్కు కాబోలని జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

తిండిబండి దగ్గర పచ్చి బొప్పాయి తురుము తిని సింహాచలానికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. శోభనాద్రి జాలిపడి 'మై పెట్' అనే మాట నేర్పాడు. కారం వద్దని అర్థంట. ఇకమీదట ఎవరేమిచ్చినా ముందా మాటనమన్నాడు. అన్నారు. కొబ్బరిబోండాలవాడితో అన్నారు. ఊరి పటం ఇచ్చినాయనతో అన్నారు. కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టిచ్చిన ముసలమ్మతోనూ అన్నారు. ఆవిడ నవ్వి, ఓ ముక్క తను కొరికి చూపించాకే తిన్నారు. ఆ రుచికి కళ్ళు మూసుకోవాలనిపించింది మాణిక్యాంబకి. ఎలా మూస్తుంది, గొడుగుందిగా.

ఐదు కావొచ్చింది. రేవంతా తోపులాట. శోభనాద్రి ఒక్కొక్కళ్ళనీ రెక్క పట్టుకుని పడవెక్కించి, అమ్మయ్య అని తనూ ఎక్కాడు. ఆ తోపులాటలో గొడుగు చెయ్యి జారి గట్టున పడింది. పడవ కదిలింది.

గుర్నాథం గుండె గుభేలుమంది. గొడుగు అక్కడ, తాము ఇక్కడ. ఇంక విమానం దొరికినట్టే!

"దూకండర్రా" అన్నాడు. అంతే, ముగ్గురూ గట్టు మీదికి దూకేశారు.

పడవవాడు కంగారుగా తాడు విసిరాడు. ముగ్గురూ చేతులడ్డం పెట్టి, "మై పెట్" అన్నారు. తాడు నీళ్ళలో పడింది. పడవ నది మధ్యకి పోతోంది. అందులో శోభనాద్రి తల బాదుకుంటున్నాడు.

"పాపం, చూశావా బావా," అన్నాడు సింహాచలం, "ఒక్క క్షణం చూపు తిప్పాడు, తప్పిపోయాడు."

గుర్నాథానికీ జాలేసింది. చేతిలో చెప్పులు పైకెత్తి ఊపుతూ గట్టిగా కేకేశాడు.

"శోభనాద్రిగారూ, భయపడకండి. మేం గొడుగు దగ్గరే ఉన్నాం. తమరు మాత్రం ఐదింటికల్లా వచ్చెయ్యండి, లేకపోతే పడవ తప్పిపోద్ది."